జాంస్కర్‌లో పేరులేని శిఖరం ఎక్కాలంటే...

ప్రశ్న: ఉత్తరకాశీలో బేసిక్, అడ్వాన్స్‌డ్ పర్వతారోహణ కోర్సులు రెండూ పూర్తిచేశాను. యునాం, కాంగ్ యాత్సే-2 శిఖరాలు ఎక్కాను. రెండుచోట్లా ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల్లో అడుగేస్తూ, ట్రెక్కింగ్ కంపెనీ వాళ్ళు కట్టిన తాడు పట్టుకుని నడవడమే తప్ప సొంతంగా చేసిందేమీ లేదు. వచ్చే ఆగస్టులో నలుగురు స్నేహితులం కలిసి లదాఖ్‌లోని జాంస్కర్‌లో ఎవరూ ఎక్కని 6,000 మీటర్ల శిఖరం ఒకటి ఎక్కాలనుకుంటున్నాం. గూగుల్ ఎర్త్‌లో ఒకటి చూసిపెట్టుకున్నాం కూడా. ఆఫీసులో 16 రోజులు సెలవు దొరుకుతుంది. గైడు లేకుండా వెళ్ళొచ్చా? అనుమతి ఎవరిస్తారు? ఏమేం పట్టుకెళ్ళాలి? ఎక్కాక దానికి మా ఊరి పేరు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెళ్ళొచ్చు. కాకపోతే 16 రోజుల్లో కాదు, ముందే గురిపెట్టుకున్న ఆ ఒక్క శిఖరం కోసమూ కాదు. ఈ రెండూ మార్చుకుంటే మిగతావి సర్దుకునేవే.

కాంగ్ యాత్సే మీద మీరు అడగకుండానే బోలెడు సమాచారం చేతికొచ్చింది. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, టెంటు ఎక్కడ వేయాలి, మంచు పగుళ్ళు ఎటువైపున్నాయి, ఎన్నింటికి బయల్దేరితే ఎన్నింటికి దిగుతాం, ఇవన్నీ కంపెనీ వాళ్ళకు తెలుసు. పేరులేని కొండ దగ్గర వీటిలో ఒక్కటీ ఉండదు. వెతికి తెలుసుకోవడమే యాత్రలో సగం పని, దానికి రోజులు కావాలి. సెలవు తక్కువైతే ముందుగా కోతపడేది ఈ వెతుకులాటే. ఆ తర్వాత వాతావరణం కోసం దాచుకున్న రోజులు. ఆ రెండూ లేకుండా మిగిలేది కళ్ళకు గంతలు కట్టుకుని ఎక్కడమే.

24 రోజులు అడగండి. విమానంలో నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగేకన్నా మనాలీ నుంచి రోడ్డు దారి పట్టడం ఒంటికి మంచిది. మనాలీ 2,000 మీటర్లు, జిస్పా 3,200, జాంస్కర్ ముఖ్య పట్టణం పదుం 3,600. నిద్రపోయే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మధ్యలో షింకు లా కనుమ 5,000 మీటర్లు దాటుతుంది కాబట్టి అక్కడ ఫొటోలంటూ గంటలకొద్దీ కూర్చోకండి. మనాలీ చేరడానికి 2 రోజులు, జిస్పాలో 2 రాత్రులు, 5వ రోజు పదుం. 6వ రోజు గుర్రాలు, కిరసనాయిలు, కూరగాయలు. 7 నుంచి 9 వరకు నడక, 4,700 మీటర్ల దగ్గర బేస్ క్యాంప్. 10న విశ్రాంతి. 11 నుంచి 14 వరకు దారి వెతకడం, 5,200 దగ్గరికి సామాను మోసి దాచడం, అక్కడ ఒక రాత్రి పడుకుని దిగడం. 15న మళ్ళీ విశ్రాంతి. 16 నుంచి 20 వరకు శిఖర ప్రయత్నం, అందులో 2 రోజులు వానకో మంచుకో పోయాయనే అనుకోండి. మిగిలిన నాలుగు తిరుగు ప్రయాణానికి. 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు, 3–4 రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పై లెక్క ఆ సూత్రం మీదే వేసింది. ఎక్కడైనా ఒక రోజు మిగిలిందని ముందుకు జరపకండి.

ఇక శిఖరం సంగతి. శిఖరాన్ని కాదు, లోయను ఎంచుకోండి. ఒకే లోయ చివర మూడు నాలుగు శిఖరాలు, వాటిలో కనీసం ఒకటి తేలికైనది ఉండాలి. గూగుల్ ఎర్త్‌లో నచ్చిన కొండకు దారి లేదని బేస్ క్యాంప్‌లో తేలితే, పక్కన ఇంకో కొండ లేనివాళ్ళు రెండే పనులు చేస్తారు. వెనక్కి వస్తారు, లేదా వెళ్ళకూడని చోటికి వెళ్తారు. పదుంకు దగ్గర్లోని రేరు లోయను చూడండి. జపాన్‌కు చెందిన కిమికాజు సకామోతో అక్కడ, చుట్టుపక్కల లోయల్లో కొన్నేళ్ళపాటు తిరిగి, శిఖరాలకు వరస నంబర్లు వేసి, ఫొటోలతో సహా బయటపెట్టారు. ఆ ఫొటోల్లో ప్రతి కొండా పక్కనుంచి కూడా కనిపిస్తుంది, ఉపగ్రహ చిత్రం ఎప్పటికీ ఇవ్వలేనిది అదే. తొలిసారికి పెన్సీ లా కనుమ పక్కనున్న ద్రుంగ్ ద్రుంగ్ హిమానీనదం కూడా అనువైనదే, రోడ్డు మీంచే కనిపిస్తుంది. ‘ఎవరికీ తెలియనిది’ అన్న గొప్ప కాస్త తగ్గుతుంది, ప్రమాదం జరిగితే కిందికి చేర్చే దూరం కూడా తగ్గుతుంది. మొదటి యాత్రకు ఈ బేరం లాభమే.

ఎవరూ ఎక్కలేదని ఎలా నిర్ధారించుకున్నారు? మీ ఉత్తరంలో అది లేదు. 1929 నుంచి వస్తున్న హిమాలయన్ జర్నల్, అమెరికన్ ఆల్పైన్ జర్నల్ పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. పేరుతో వెతికితే దొరకవు. లోయ పేరుతో, హిమానీనదం పేరుతో, ఎత్తుతో వెతకండి. ఎత్తు కూడా ఒకే అంకె ఉండదు. ఒక పటంలో 6,045 ఉన్నది ఇంకో పటంలో 6,080 ఉంటుంది. ఎక్కడా రికార్డు లేదంటే దొరకలేదని మాత్రమే అర్థం. సైన్యం వాళ్ళు ఎక్కి ఎక్కడా రాయకపోయి ఉండొచ్చు. హిమాలయన్ క్లబ్‌కు అక్షాంశ రేఖాంశాలతో ఒక ఉత్తరం రాసి అడగండి.

పటాల్లో ముందు కొనాల్సింది జెనీవాలోని ఒలిజాన్ సంస్థ వేసిన లదాఖ్–జాంస్కర్ పటం, 1:1,50,000 స్కేలుది. కనుమలు, ఊళ్ళు, కాలిబాటలు దీనిలో నమ్మదగినవి. అమెరికా సైన్యం 1950ల నాటి యూ502 వరస పటాలు ఉచితంగా దొరుకుతాయి, లోయల పాత పేర్లకు పనికొస్తాయి. వాటిలో మంచు చూపించిన చోట ఇప్పుడు చాలాచోట్ల రాళ్ళగుట్టలే ఉన్నాయి. హిమానీనదం మూతి కిలోమీటరు వెనక్కి జరిగితే ఆ కిలోమీటరంతా కదిలే బండల మీద బరువుతో నడక. పటం చూసి 3 గంటలనుకున్నది పూట పట్టేది ఇందుకే.

గూగుల్ ఎర్త్ విషయంలో మూడు జాగ్రత్తలు. అందులో పక్కపక్క ముక్కలు వేర్వేరు తేదీల్లో తీసినవి కావచ్చు, సగం కొండ ఏప్రిల్‌లో, సగం సెప్టెంబర్‌లో ఉంటుంది. నిట్రంగా ఉండే గోడల మీద బొమ్మను సాగదీసి అతికిస్తుంది కాబట్టి 40 మీటర్ల రాతి గోడ మెత్తటి వాలులా కనిపిస్తుంది. కింది నేల ఆకారమేమో 30 మీటర్లకో అంకె చొప్పున తీసిన ఎత్తుల నుంచి కట్టింది. సన్నటి శిఖరం కొన అందులో అరిగిపోయి, అసలు ఎత్తు కన్నా తక్కువగా చూపిస్తుంది. 5,970 అని చూసి వదిలేసింది 6,000 దాటి ఉండొచ్చు.

దీనికి తోడు ఇంటర్నెట్‌లో కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూడండి. ఖర్చు లేదు, 5 రోజులకో కొత్త చిత్రం వస్తుంది. ఒక్కో చుక్క 10 మీటర్లు కాబట్టి చిన్న పగుళ్ళు కనిపించవు, తేదీ మాత్రం ఖచ్చితంగా తెలుస్తుంది. గత ఐదేళ్ళ ఆగస్టు చివర, సెప్టెంబర్ చిత్రాలు మేఘాల్లేనివి ఏరండి. పాత మంచు పూర్తిగా కరిగి హిమానీనదం (గ్లేసియర్) ఒళ్ళు బయటపడే కాలం అది. తెల్లగా ఉన్నది మంచు, నీలిబూడిద రంగులో ఉన్నది గట్టి ఐస్. ఐదేళ్ళలో మూడేళ్ళు ఒక వాలు నీలిబూడిదగా ఉందంటే అక్కడ బూట్ల కింద తొడిగే క్రాంపాన్ల ముందు పళ్ళ మీద ఎక్కాల్సిందే, ఐస్‌లోకి తిప్పి దించే ఐస్ స్క్రూలు కావాల్సిందే. గ్లేసియర్ ఎక్కడ వీపు ఉబ్బినట్టు వంగి దిగుతుందో అక్కడ పగుళ్ళు ఉంటాయి. వంపు బయటి అంచుల్లోనూ అంతే. తర్వాత గూగుల్ ఎర్త్‌లోనే దారి గీత గీసి ఎత్తుల రేఖ తీయండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఎంత పొడవుందో కొలవండి, హిమపాతాలు ఎక్కువగా జారేవి ఆ వాలుల్లోనే. జాంస్కర్‌లో దక్షిణ ముఖాలు చాలావరకు గులకరాళ్ళ జారుడు, ఉత్తర ముఖాలు మంచు. దక్షిణం తేలికని కాగితం మీద అనిపిస్తుంది కాని, రెండడుగులు వేస్తే ఒకటిన్నర కిందికి జారే చోట 800 మీటర్లు ఎక్కడం మనిషిని పిండేస్తుంది.

ఈ పనంతా అయ్యాక ఒక కాగితం మీద ఎక్కే దారికి పక్కనే దిగే దారి రాయండి. రెండో గడి ఖాళీగా ఉన్న శిఖరాన్ని జాబితా నుంచి కొట్టేయండి.

గైడు ప్రశ్నకు వస్తే, ‘నేను’ కోర్సులు చేశానన్నారు గాని మిగతా ముగ్గురి సంగతి చెప్పలేదు. పగుల్లో పడేది మీరే అయితే మిమ్మల్ని లాగేది వాళ్ళే. కనీసం ఇంకో ఇద్దరు అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవాళ్ళయితే గైడు లేకుండా వెళ్ళొచ్చు. లేకపోతే పర్వతారోహణ సంస్థల్లో శిక్షకుల కోర్సు చేసిన ఒకరిని తీసుకెళ్ళండి. ఆయనకూ ఆ కొండ దారి తెలియదు. మీరు డబ్బిచ్చేది దారికి కాదు, ఎప్పుడు తిరగాలో చెప్పడానికి, ఎవరైనా పడితే లాగడానికి. బేస్ క్యాంప్‌లో వంటమనిషి తప్పకుండా ఉండాలి, అందరూ పైకి వెళ్ళి కింద ఎవరూ లేని బృందం కోసం వెతకడం మొదలుపెట్టేవాళ్ళే ఉండరు.

భువనగిరి బండ దగ్గర వారాంతాల్లో సాధన చేయండి. ఎక్కడం కాదు, లాగడం. మూడింతల కప్పీ వ్యవస్థ కట్టి, బస్తాలో 80 కిలోల రాళ్ళు వేసి, చేతికి మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, చీకట్లో హెడ్‌ల్యాంప్ వెలుగులో. తాడు మీద బిగుసుకుని పట్టే ప్రూసిక్ ముడులతో ఒంటరిగా తాడెక్కడం కూడా అలాగే. కోర్సులో పాసైన చాలామంది 10 నిమిషాల పనికి 40 నిమిషాలు తీసుకుంటారు. అసలైన మంచులో తాడు పగులు అంచును కోసుకుంటూ లోపలికి దిగబడుతుంది కాబట్టి లాగే ముందు అంచు మీద, తాడు కింద ఐస్ యాక్సో బ్యాగో అడ్డం పెట్టాలి. బండ మీద ఇది అనుభవంలోకి రాదు, గుర్తుపెట్టుకోండి.

కొత్త మంచు కప్పిన గ్లేసియర్ మీద నలుగురూ ఒకే తాడుకు కట్టుకోండి, మనిషికీ మనిషికీ మధ్య 8–10 మీటర్లు. ఇద్దరిద్దరుగా విడిపోతే ఒక్కరు పడ్డవాడిని ఆపడం కష్టం. తప్పనిసరైతే మధ్య దూరం 15 మీటర్లకు పెంచి, తాడులో నాలుగైదు బటర్‌ఫ్లై ముడులు వేయండి, అవి అంచులో ఇరుక్కుని ఆపుతాయి. తాడు వేలాడకుండా, బిగుతుగా ఉండాలి. చేతిలో చుట్టలు పట్టుకుని నడిచే అలవాటు మానుకోవాలి.

రిడ్జ్ (శిఖరానికి చేర్చే సన్నటి కొండ గట్టు) మీద నడిచేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన దుర్ఘటన ఒకటుంది. 2019 మేలో నందాదేవి తూర్పు శిఖరం దగ్గర, ఎవరూ ఎక్కని 6,477 మీటర్ల కొండ మీద మార్టిన్ మోరాన్ నాయకత్వంలోని 8 మంది చనిపోయారు. తర్వాత ఐటీబీపీ (సరిహద్దు పోలీసు) జవాన్లకు దొరికిన కెమెరాలో, వాళ్ళు ఒకే తాడుకు కట్టుకుని శిఖరం కింది రిడ్జ్ మీద నడుస్తున్న దృశ్యాలున్నాయి. గట్టు అంచు దాటి వేలాడేలా గాలి పేర్చిన మంచు చూరు బరువుకు విరిగిందని అంచనా. అనుభవం లేనివాళ్ళు కారు. మంచు చూరు మీద నిలబడినవాడికి అది చూరని తెలియదు, పక్కనుంచి చూస్తేనే కనిపిస్తుంది. విరిగే గీత కూడా అంచు దగ్గర కాక మనం ఊహించినదానికన్నా బాగా లోపల ఉంటుంది. దారి వెతికే నాలుగు రోజుల్లో రిడ్జ్‌ను రెండు పక్కల నుంచీ జూమ్ చేసి ఫొటోలు తీయండి, చూరు ఏ పక్కకు వేలాడుతోందో ఫోన్‌లో పెట్టుకోండి. పైన గాలి వచ్చే వైపు, రిడ్జ్ కొన నుంచి బాగా కిందగా నడవండి.

మీరు చదువుకున్న ఉత్తరకాశీ సంస్థ బృందాన్ని 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా-2 మీద హిమపాతం ముంచిన సంగతి మీకు తెలుసు. 29 మంది పోయారు. అది ఏటా శిక్షణకు వాడే, బాగా తెలిసిన వాలు. కొత్త మంచు గాలికి పలకలా గట్టిపడి పాత మంచు మీద అతుక్కోకుండా కూర్చుంటే, అడుగు బరువుకే మొత్తం పలక జారుతుంది. మంచు కురిసి గాలి వీచాక కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వాలు ఎక్కకండి. జాంస్కర్ వానచాటు ప్రాంతమే అయినా, ఆగస్టులో రుతుపవనాల తుంపర దాటి వచ్చి పైన అడుగు మంచు వేయడం అరుదేమీ కాదు.

సామాను జాబితా మీకు కోర్సులోనే ఇచ్చి ఉంటారు, తేడా ఉన్నవే చెప్తాను. 60 మీటర్ల తాళ్ళు రెండు, ఒకటి 8.5 మి.మీ. నీరు పీల్చనిది. ఐస్ స్క్రూలు 6, వాటిలో ఒకటి 22 సెం.మీ.ది, ఐస్‌లో రెండు రంధ్రాలు కలిసేలా దొలిచి తాడు దిగడానికి కొక్కెం చేసుకోవాలంటే అది కావాలి. మంచులో దిగగొట్టే 60 సెం.మీ. స్నో పికెట్లు 4. వదిలేసి రావడానికి 6 మి.మీ. సన్నతాడు (కార్డ్) 30 మీటర్లు. రాతి చీలికలకు నట్ల సెట్టు ఒకటి, మేకులు ఐదు. బూట్లు, క్రాంపాన్లు అద్దెకు తీసుకుంటే దుకాణంలోనే రెండూ తొడిగి పది నిమిషాలు మెట్టు అంచు మీద ముందు పళ్ళతో నిలబడి చూడండి. ఒక కంపెనీ బూటుకు ఇంకో కంపెనీ క్రాంపాన్ పైన ఊడిపోవడం చాలా మామూలు.

గ్యాస్ గురించి ఒక మాట. మన బజార్లో దొరికే పొడుగాటి బ్యూటేన్ డబ్బాలు సున్నా డిగ్రీల దగ్గర పనిచేయడం మానేస్తాయి, ఎందుకంటే బ్యూటేన్ మరిగేదే మైనస్ అర డిగ్రీ దగ్గర. పై క్యాంపులకు మరలు తిప్పే ఐసోబ్యూటేన్–ప్రొపేన్ మిశ్రమం డబ్బాలే కావాలి. విమానంలో ఎక్కనివ్వరు, మనాలీలో కొనండి. మంచు కరిగించి తాగాలంటే మనిషికి రోజుకు 110–120 గ్రాములు పడుతుంది. నలుగురికి 5 రోజులకు 230 గ్రాముల డబ్బాలు 10. బేస్ క్యాంప్‌లో కిరసనాయిలు స్టవ్, ప్రెషర్ కుక్కర్. 4,500 మీటర్ల దగ్గర నీళ్ళు 85 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు పూటంతా ఉడికించినా పలుకే. పైన ఆకలి చచ్చిపోయి చాక్లెట్లు మొహం మొత్తుతాయి. చారు పొడి, నిమ్మ ఉప్పు, వేయించిన అటుకులు అప్పుడు దిగుతాయి.

గుర్రానికి 50–60 కిలోల చొప్పున మీకు ఐదారు గుర్రాలు పడతాయి. ఆగస్టు చివర కోతల కాలం, మనుషులు దొరకరు. జూన్‌లోనే మాట్లాడుకోండి. గుర్రాలు హిమానీనదం వదిలిన బండల గుట్టల (మొరైన్) మీదికి రావు, అక్కడి నుంచి మోత మీదే. వాగులు తెల్లవారుజామునే దాటండి. ఎండకు కరిగిన నీళ్ళు మధ్యాహ్నానికి రెట్టింపవుతాయి. బ్యాగు నడుం బెల్టు విప్పి, చెప్పులు కాక బూట్లు వేసుకుని, చేతులు పట్టుకుని వరసగా. నీళ్ళు తొడ దాటితే ఆ చోటు వదిలేయండి.

మందులు డాక్టర్‌తో మాట్లాడి తీసుకోండి. నివారణకు అసిటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, సల్ఫా పడనివాళ్ళు అది కూడా డాక్టర్‌ను అడక్కుండా వేసుకోకూడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నిఫెడిపిన్, మెదడు వాపుకు డెక్సామెథాసోన్. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే, నడకలో తూలుతుంటే, అది రాత్రి రెండైనా సరే కిందికి దించాలి. మందులు దించడానికి వీలు కల్పించేవే.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్దామనుకుంటారు. థురయా, ఇరిడియం ఫోన్లు, ఉపగ్రహం ద్వారా కబురు పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలు అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులైనవాళ్ళున్నారు. అందుకని పాత పద్ధతే. ఫలానా తేదీ సాయంత్రానికి పదుం చేరకపోతే వెతకడం మొదలుపెట్టమని, దారి గీసిన పటంతో సహా రాసి పదుం పోలీసులకు, ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. వంటమనిషికి వేరే గడువు చెప్పండి. హెలికాప్టర్ ఫోన్ చేసిన గంటలో రాదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కినవాడు. 2015 మార్చి 24న అర్జెంటీనా–చిలీ సరిహద్దులో సెర్రో ట్రెస్ క్రూసెస్ మీద ఒంటరిగా ఉండగా ఆయన నుంచి కబుర్లు ఆగాయి. ఎంత గాలించినా మృతదేహం దొరికేసరికి ఏప్రిల్ 3 వచ్చింది. మీ ప్రణాళికలో ‘ఎవరో వచ్చి తీసుకెళ్తారు’ అన్న వాక్యం ఎక్కడున్నా తీసేయండి. బీమా పాలసీలో ఎత్తు పరిమితి చదివి మరీ కొనండి, మామూలు ట్రెక్కింగ్ పాలసీలు 6,000 దాకా రావు.

అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్. పేరులేని శిఖరమైతే అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, దారి గీసిన పటం ఇవ్వాలి. సభ్యుల కోర్సు సర్టిఫికెట్లు, వైద్య ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. అనుమతి శిఖరానికి ఇస్తారు, లోయకు కాదు. అందుకే అదే లోయలోని రెండో శిఖరాన్ని కూడా అర్జీలో రాయొచ్చా అని ముందే అడగండి. మార్చికల్లా పంపితే ప్రశ్నలు వచ్చినా సమాధానాలకు సమయం ఉంటుంది. పరికరాలు అక్కడ అద్దెకు కూడా దొరుకుతాయి.

మీ ఊరి పేరు పెట్టడం మాత్రం వద్దు. మనకు పేరులేనిది కింది ఊళ్ళో వాళ్ళకు పేరు లేనిది కాకపోవచ్చు. వెళ్ళేటప్పుడే ఊళ్ళో పెద్దవాళ్ళను, గొంపా (బౌద్ధ మఠం)లోని లామాలను అడగండి. వాళ్ళు పేరు చెప్తే అదే రాయండి, ఇది దేవుడి కొండ, ఎక్కొద్దంటే జాబితాలో రెండోదానికి వెళ్ళండి. లదాఖ్‌లోనే స్తోక్ కాంగ్రీని నీటి ఊటల కోసం ఊరివాళ్ళు 2020లో మూయించారు. ఎవరికీ పేరు తెలియకపోతే ‘శిఖరం 6,040’ అని రాస్తే సరిపోతుంది. తిరిగొచ్చాక ఫౌండేషన్‌కు నివేదిక ఇవ్వాలి. అదే హిమాలయన్ జర్నల్‌కూ పంపండి. శిఖరానికి 20 మీటర్ల కింద ఆగితే ఆగినట్టే రాయండి. ఒక మంచి ఫొటో మీద దారి గీత గీసి, క్యాంపుల ఎత్తులు, తేదీలు వేస్తే చాలు, భాష గొప్పగా ఉండాల్సిన పనేమీ లేదు.